రీఫ్ ట్యాంక్‌లో పరాన్నజీవులు పడితే ఏం చేయాలి

పగడాలు, చేపలు కలిసి ఉండే మీ ఉప్పునీటి రీఫ్ ట్యాంక్‌లో, బ్లూ ట్యాంగ్ చేప రెక్కల మీద పొద్దున్నే నాలుగు తెల్ల చుక్కలు కనబడ్డాయి. షాపుకి ఫోన్ చేస్తే "రీఫ్ సేఫ్" (పగడాలకి హాని చేయదు) అని రాసున్న మందు సీసా ఒకటి అంటగడతారు. రెండు మూడు రోజుల్లో చుక్కలు మాయమవుతాయి, మందు పనిచేసిందని మీరు ఊపిరి పీల్చుకుంటారు. వారం పది రోజులకి మళ్లీ వస్తాయి. ఈసారి నాలుగు కాదు, లెక్కపెట్టలేనన్ని. అదీ ట్యాంగ్ ఒక్కదానికే కాదు.

ఉప్పునీటి చేపలు పెంచే ఇళ్లలో ఈ వరస కొత్తేమీ కాదు. అందుకే అసలు విషయం ముందే చెప్పేస్తాను: చుక్కలు పోయాయంటే జబ్బు పోయినట్టు కాదు. ఈ చుక్కలు తెచ్చే పరాన్నజీవి చేప ఒంటి మీద గడిపేది కొద్ది రోజులే. మిగతా కాలమంతా మీ రాళ్ల మీద, ఇసకలో, గాజుకి అంటుకుని ఉంటుంది. కాబట్టి చేపకి చేసే వైద్యం వేరు, ట్యాంక్‌కి చేసే వైద్యం వేరు. రెండూ ఒకేసారి మొదలవ్వాలి, వేర్వేరు చోట్ల జరగాలి.

ముందు ఏది పట్టిందో తేల్చుకోండి

మైక్రోస్కోప్ ఉంటే మంచిదే. లేకపోతే ఒక టార్చి, ఫోన్ కెమెరా, కాస్త ఓపిక చాలు. చేప ఎలా కనబడుతోందన్నదాని కన్నా, జబ్బు ఎంత వేగంగా ముదురుతోందన్నది ఎక్కువ చెబుతుంది.

మెరైన్ ఇక్, అంటే క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్: ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు, విడివిడిగా, లెక్కపెట్టగలిగేటట్టు ఉంటాయి. చేప రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంది, కానీ తిండి తింటుంది. చుక్కలు వస్తాయి, పోతాయి, మళ్లీ వస్తాయి. మీకు కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది.

వెల్వెట్, అంటే అమైలోఓడినియం ఒసెల్లాటం: అసలు ప్రాణం తీసేది ఇదే. ఒంటి మీద మెత్తటి పొడి చల్లినట్టు ఉంటుంది, పక్కనుంచి టార్చి వేస్తే తప్ప సరిగ్గా కనబడదు. చాలాసార్లు ఒంటి మీద ఏమీ కనబడక ముందే మొప్పలు నిండిపోతాయి. చేప వేగంగా ఎగశ్వాస పీలుస్తుంది, వెలుతురు తప్పించుకుని దాక్కుంటుంది, వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) నుంచి వచ్చే ధారకి ఎదురుగా నిలబడి ఈదుతుంది, తిండి మానేస్తుంది. నిన్న బాగున్న చేపలు రెండు ఈరోజు చచ్చిపోతే, చుక్కలు కనబడినా కనబడకపోయినా వెల్వెటే అనుకుని కదలండి. తర్వాత ఇక్ అని తేలినా నష్టం లేదు. ఇక్ అనుకుని నాలుగు రోజులు ఆగి, ఆ తర్వాత వెల్వెట్ అని తేలితే మాత్రం ట్యాంక్‌లో చేప మిగలదు.

బ్రూక్లినెల్లా, పొట్టిగా బ్రూక్: సముద్రంలో పట్టి తెచ్చిన క్లౌన్‌ఫిష్‌కి ఎక్కువ. ఒంటి మీద చుక్కలు కాకుండా తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంది. ఇది రాయి మీదికో ఇసకలోకో పోదు, చేప మీదే రెండుగా చీలి పెరుగుతుంది. అందుకే ఒకటి రెండు రోజుల్లోనే చేప ప్రాణం తీస్తుంది.

యురోనెమా: క్రోమిస్, ఆంథియాస్ చేపలకి పక్కల మీద ఎర్రటి పుండ్లు. దీనికి చేపే ఉండాలని లేదు. ట్యాంక్‌లో బాక్టీరియా తింటూ బతికేస్తుంది కాబట్టి ట్యాంక్ ఖాళీ చేసినా పోదు. ఒకేసారి ఆరు క్రోమిస్‌లు కొని, ఒక్కొక్కటిగా పోగొట్టుకునేవాళ్లు చాలామంది దీని బారిన పడినవాళ్లే.

ఫ్లూక్స్: ఇవి పురుగులు. కళ్లు మసకబారడం, తల విదిలించడం, ఒకవైపు మొప్పతోనే ఊపిరి తీయడం, మధ్యమధ్యలో ఆవులించడం. పారదర్శకంగా ఉంటాయి కాబట్టి ఒంటి మీద ఉన్నా కనబడవు. మంచినీటి స్నానం చేయిస్తే తెల్లబడి, నువ్వు గింజల్లా అడుగున రాలతాయి. పరీక్షా అదే, తాత్కాలిక ఉపశమనమూ అదే.

అన్నీ పరాన్నజీవులే అనుకోకండి. రెక్క అంచున కాలీఫ్లవర్ ముక్కలా ఒకటే పెరుగుదల ఉంటే అది లింఫోసిస్టిస్, వైరస్ వల్ల వచ్చేది, దానంతటదే పోతుంది. ఇసకలో పడుకునే రాస్ చేపలకి పొద్దున్నే రెక్కల మీద ఇసక రేణువులు ఉంటాయి, గంట తర్వాత చూస్తే ఉండవు.

మెయిన్ ట్యాంక్‌లో మందు ఎందుకు పోయకూడదు

ఇక్‌కీ వెల్వెట్‌కీ వాడే మందు కాపర్, అంటే రాగి. దానికి పగడాలు, రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. లైవ్ రాక్ (రీఫ్ ట్యాంక్‌లో పెట్టే రాయి), పగడపు ఇసక కాల్షియం కార్బొనేట్. అవి కాపర్‌ని పీల్చుకుంటాయి. దాంతో నీళ్లలో మందు స్థాయి నిలవదు, ఆ రాళ్ల మీద మళ్లీ పగడాలు పెట్టాలన్నా భయమే. ఫార్మలిన్ కూడా రీఫ్‌లో కుదరదు. ఉప్పు శాతం బాగా దించే పద్ధతీ కుదరదు.

మరి రీఫ్ సేఫ్ సీసాలు? పగడాలకి ఏమీ కానంత బలహీనమైన మందు, పగడాల మధ్య తిత్తి కట్టుకుని కూర్చున్న పరాన్నజీవిని చంపుతుందని నమ్మడానికి నాకు ఆధారం కనబడలేదు. వెల్లుల్లి రసం తిండికి రుచి తెస్తుందేమో గానీ ఇక్‌ని నయం చేయదు. క్లీనర్ ష్రింప్, క్లీనర్ రాస్ కూడా అంతే: ఇక్ చేప చర్మం పై పొర కింద దాక్కుని ఉంటుంది, వాటికి అందదు. యూవీ లైటు నీళ్లలో ఈదే దశని కొంత తగ్గిస్తుంది. ఉంటే వేసి ఉంచండి, కానీ దాన్ని వైద్యం కింద లెక్కేయకండి.

ఇక్ జీవితచక్రం తెలిస్తే కింద చెప్పే రోజుల లెక్కలన్నీ ఎక్కడినుంచి వచ్చాయో అర్థమవుతుంది. చేప మీద మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. తర్వాత రాలిపోయి గట్టి ఉపరితలానికి అంటుకుని తిత్తి కడుతుంది. తిత్తి లోపల వందల్లో పిల్లలు తయారవుతాయి. అవి తిత్తి పగలగొట్టుకుని బయటికి రావడానికి తక్కువలో తక్కువ మూడు రోజులు, మామూలుగా నాలుగు వారాల లోపు. ప్రయోగశాలలో 72 రోజులకి కూడా వచ్చిన సందర్భం నమోదైంది. బయటికొచ్చిన పిల్ల ఒకటి రెండు రోజుల్లో చేపని పట్టుకోకపోతే చచ్చిపోతుంది. మందు పనిచేసేది ఈ ఈదే దశ మీదే. చేప చర్మం కిందున్నదాన్నీ, తిత్తిలో ఉన్నదాన్నీ కాపర్ ఏమీ చేయలేదు.

మొదటి రోజు

గాలి పెంచండి. స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే పరికరం) పూర్తిగా తెరవండి, ఒక ఎయిర్ స్టోన్ అదనంగా వేయండి, వేవ్‌మేకర్‌ని పైకి తిప్పి నీటి పైభాగం బాగా కదిలేటట్టు చూడండి. మొప్పలు దెబ్బతిన్న చేపకి ముందు కావాల్సింది ఆక్సిజన్. మన ఎండాకాలంలో చిల్లర్ లేని ట్యాంక్ 29, 30 డిగ్రీలు దాటిందంటే నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ, పరాన్నజీవి చక్రమూ వేగంగా తిరుగుతుంది. లైట్లు తగ్గించండి. మంచినీళ్ల చేపల ఇక్‌కి చేసినట్టు ఉష్ణోగ్రత పెంచి చంపుదామనుకోకండి, ఇక్కడ అది పనిచేయదు.

వెల్వెట్ అనుమానం ఉంటే ఆ రోజే మంచినీటి స్నానం చేయించండి. శుభ్రమైన బకెట్‌లో ఆర్‌ఓ నీళ్లు పట్టి, ట్యాంక్‌లో ఉన్నంత ఉష్ణోగ్రతకి తెచ్చి, కాస్త వంటసోడా కలిపి పీహెచ్ 8.2 దగ్గరికి తీసుకురండి. అరగంట గాలి ఆడించాక చేపని ఐదు నిమిషాలు ఉంచండి. మొదట్లో చేప పక్కకి ఒరిగిపోతుంది, చూడలేం. అయినా మొప్పలు ఆడుతున్నంతవరకు భయపడక్కర్లేదు. గాలి కోసం పైకి ఎగబాకుతూ కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే తీసేయండి. ఇది మొప్పల మీది భారాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. స్నానం అయ్యాక చేపని పాత ట్యాంక్‌లోకి వదిలితే చేసిందంతా వృథా. వైద్యం కోసం విడిగా పెట్టే హాస్పిటల్ ట్యాంక్‌లోకే వెళ్లాలి.

వెల్వెట్‌కి హైడ్రోజన్ పెరాక్సైడ్ స్నానం కూడా బాగా పనిచేస్తుంది. మందుల షాపులో దొరికేది సాధారణంగా 6 శాతం ద్రావణం. లీటరు ఉప్పునీటికి 1.25 మి.లీ. కలిపితే 75 పీపీఎం (లీటరుకు 75 మి.గ్రా.) అవుతుంది. 30 నిమిషాలు, పక్కనే కూర్చుని చూస్తూ. సీసా మీద 3 శాతం అని ఉంటే 2.5 మి.లీ. మూత తీసి నెలలైన సీసా వాడకండి, బలం పోయి ఉంటుంది.

హాస్పిటల్ ట్యాంక్

అందంగా ఉండక్కర్లేదు. 80 నుంచి 100 లీటర్ల గాజు ట్యాంక్ గానీ, ఆహారం నిల్వచేసే రకం ప్లాస్టిక్ డ్రమ్ము గానీ చాలు. స్పాంజ్ ఫిల్టర్, హీటర్, ఎయిర్ పంప్, దాక్కోవడానికి పీవీసీ పైపు ఎల్బోలు, దూకేయకుండా పైన జాలీ. ఇసక వద్దు, రాయి వద్దు. ఇసకలో పడుకునే రాస్ ఉంటే ఒక డబ్బాలో సిలికా ఇసక పెట్టండి, పగడపు ఇసక కాదు. ఇంకో గదిలో పెట్టండి. వెల్వెట్ తుంపరల మీదుగా గాల్లో కొంత దూరం పోగలదని ప్రయోగాల్లో తేలింది. మూడు మీటర్ల లోపు పెట్టకపోవడం మంచిది. వల, సైఫన్ పైపు, తువ్వాలు అన్నీ దీనికి విడిగా ఉండాలి. తడి చేత్తో ఒకదానిలోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టకండి.

ఇక్కడ చేపల్ని చంపేది చాలాసార్లు జబ్బు కాదు, అమ్మోనియా. కొత్త ట్యాంక్‌లో బాక్టీరియా ఉండదు. సంప్‌లో (ఫిల్టర్ పరికరాలుండే పక్క తొట్టిలో) ఎప్పుడూ ఒక అదనపు స్పాంజ్ వేసి ఉంచే అలవాటు చేసుకుంటే ఇలాంటి రోజు పనికొస్తుంది. ఆ స్పాంజ్ మీద తిత్తులుంటే మాత్రం? కాపర్ వాడే ట్యాంక్‌లో ఫర్వాలేదు, బయటికొచ్చిన పిల్లలు అక్కడే చస్తాయి. స్పాంజ్ లేకపోతే సీసా బాక్టీరియా పోసి, రోజూ అమ్మోనియా పరీక్షించి, అవసరమైనంత నీళ్లు మార్చాలి. మార్చే నీళ్లలో కూడా ముందే అంతే కాపర్ కలిపి పోయాలి, లేకపోతే స్థాయి పడిపోతుంది. అమ్మోనియాని కట్టేసే ద్రావణాలు కాపర్ ఉన్న నీళ్లలో వేయకండి. కొన్ని రకాల కాపర్‌తో కలిస్తే చేపకి విషమవుతుంది.

కరెంటు పోతే? ఇన్వర్టర్ మీద ఎయిర్ పంప్ ఒక్కటీ నడిస్తే చాలు. లేదంటే బ్యాటరీతో నడిచే చిన్న పంప్ కొనిపెట్టుకోండి.

చేపలన్నీ బయటికి

అన్నీ అంటే అన్నీ. చుక్క ఒక్కటీ లేని గోబీ చేప కూడా. మాండరిన్ చేపకి జిగురు పొర మందంగా ఉంటుంది, ఇక్ కనబడదు, "దానికి రాదులే" అని వదిలేస్తారు. కనబడకపోయినా అది మోయగలదు. ఒక్క చేప లోపల మిగిలితే కింద చెప్పే రోజులన్నీ వృథా.

వల పట్టుకుని రాళ్ల మధ్య వెంటాడితే రెండు గంటల తర్వాత మీరూ అలసిపోతారు, చేపా అలసిపోతుంది, పగడాలు విరుగుతాయి. ముందు తిండి పెట్టి యాక్రిలిక్ ట్రాప్ పెట్టెకి అలవాటు చేయండి. తొందర ఉంటే సగం నీళ్లు శుభ్రమైన డ్రమ్ముల్లోకి తీసి, రాళ్లు ఒక్కొక్కటిగా తీసి ఆ డ్రమ్ముల్లో పెట్టండి. నీళ్లు తక్కువైతే చేపలు వాటంతటవే మూలకి చేరతాయి. పగలు ఎంతకీ చిక్కని రాస్‌లూ ట్యాంగ్‌లూ లైట్లు ఆపాక రెండు గంటలకి నిద్రమత్తులో రాళ్ల సందుల్లో ఉంటాయి, ఎర్ర కాంతి టార్చితో వెళ్తే తేలిగ్గా దొరుకుతాయి. తీసిన ప్రతి రాయినీ తిప్పి చూడండి, చిన్న గోబీలు రంధ్రాల్లో ఉండిపోతాయి.

మందు: ఏ జబ్బుకి ఏది

ఇక్‌కీ వెల్వెట్‌కీ కాపర్. రెండు రకాలున్నాయి. కాపర్ పవర్ లాంటి చిలేటెడ్ కాపర్ (వేరే పదార్థంతో కట్టి ఉంచిన కాపర్) చేపలకి కాస్త తేలిక. దాన్ని లీటరుకు 2 నుంచి 2.5 మి.గ్రా. దగ్గర ఉంచాలి. కుప్రమీన్ వేరే లెక్క, అది లీటరుకు 0.5 మి.గ్రా. ఒక సీసా లెక్క ఇంకో సీసాకి పెట్టారంటే చేపలు పోతాయి. ఏ సీసా కొంటే దాని మీదున్న అంకే చూడండి.

సీసా దొరక్కపోతే కాపర్ సల్ఫేట్, అదే మన మైలుతుత్తం. రైతులు బోర్డో మిశ్రమంలో కలిపే రకం, చెరువుల్లో నాచుకి వేసే రకం వద్దు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో శుద్ధమైన పెంటాహైడ్రేట్ అడగండి. 3.93 గ్రాములు తూచి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే, మి.లీ.కి 1 మి.గ్రా. కాపర్ ఉన్న ద్రావణం వస్తుంది. చేరాల్సిన స్థాయి లీటరుకు 0.15 నుంచి 0.20 మి.గ్రా. అంటే 100 లీటర్ల నీళ్లకి 15 నుంచి 20 మి.లీ. ఇందులో నీళ్లంటే నిజంగా ట్యాంక్‌లో ఉన్న నీళ్లు, డబ్బా మీద రాసిన లీటర్లు కాదు. 20 మి.లీ. ఒకేసారి పోయకండి, రెండు రోజుల మీద నాలుగు సార్లుగా పోయండి. వెల్వెట్ అయితే అంత నిదానం కుదరదు, ఒక రోజులో చేరాలి.

కొలవకుండా కాపర్ వాడటం కళ్లకి గంతలు కట్టుకుని నడవడమే. సల్ఫేట్ అయితే, 0.15 కన్నా తక్కువైతే పరాన్నజీవి బతుకుతుంది, 0.25 దాటితే చేప పోతుంది. రంగు చూసి పోల్చే కిట్‌లతో ఇంత సన్నటి తేడా తెలియదు. డిజిటల్ చెకర్ కొనండి. సల్ఫేట్ వాడేవాళ్లు పీపీబీలో (లీటరుకు మైక్రోగ్రాముల్లో) చూపించే తక్కువ స్థాయి చెకర్, చిలేటెడ్ వాడేవాళ్లు పీపీఎంలో చూపించే ఎక్కువ స్థాయి చెకర్ తీసుకోవాలి. సల్ఫేట్ నీళ్లలో నిలవదు కాబట్టి పొద్దునా సాయంత్రం రెండుసార్లు చూసి, తగ్గినంత పోయాలి. చిలేటెడ్ అయితే రోజు విడిచి రోజు చూసినా సరిపోతుంది.

ఎన్నాళ్లు? స్థాయి చేరిన రోజు నుంచి లెక్క. ఒకటే ట్యాంక్ ఉంటే 30 రోజులు, మధ్యలో ఒక్క రోజు స్థాయి పడిపోయినా మళ్లీ ఒకటో రోజు. రెండో ట్యాంక్ ఉంటే 14 రోజులు కాపర్‌లో ఉంచి, కొత్త నీళ్లు, కొత్త ఫిల్టర్, కొత్త పైపులున్న ట్యాంక్‌లోకి మార్చేయవచ్చు. చేప మీదున్నవి ఏడు రోజుల్లో రాలిపోతాయి, కాపర్ ఉన్నంతకాలం కొత్తవి ఎక్కలేవు, తిత్తులు పాత ట్యాంక్‌లోనే ఉండిపోతాయి.

కాపర్ మొదలైన రెండు మూడు రోజులు ఆకలి తగ్గుతుంది. పూర్తిగా తిండి మానేస్తే స్థాయి పెంచడం ఆపండి, ఉన్నచోట నిలపండి. మాండరిన్లు, లెపర్డ్ రాస్‌లు, మరగుజ్జు ఏంజెల్స్ కాపర్‌కి తట్టుకోలేవు. వాటికి ఇక్ అయితే ట్యాంకులు మార్చే పద్ధతి మేలు.

ఆ పద్ధతికి మందే అక్కర్లేదు. తిత్తి పగలడానికి కనీసం మూడు రోజులు కావాలి కదా, ఆ లోపే చేపని అక్కడినుంచి తీసేయడం. రెండు 40 లీటర్ల టబ్బులు, రెండు సెట్ల ఎయిర్ స్టోన్, హీటర్, పైపులు కావాలి. ఒకటో రోజు మొదటి టబ్బులో వేస్తారు. నాలుగో రోజు అదే వేళకి రెండో టబ్బులోకి, వీలైనంత తక్కువ నీళ్లతో. మొదటి టబ్బునీ అందులో వాడిన ప్రతిదాన్నీ బ్లీచ్ కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెడతారు. ఏడో రోజు మళ్లీ మొదటిదాంట్లోకి, పదో రోజు రెండోదాంట్లోకి, పదమూడో రోజు బయటికి. 72 గంటలు దాటకూడదు, ఇదొక్కటే నియమం. ఆదివారం పెళ్లికి ఊరెళ్లాల్సి ఉంటే ఆ వారం మొదలుపెట్టకండి. మూడు రోజులకోసారి నీళ్లు మారిపోతాయి కాబట్టి అమ్మోనియా బెడద తక్కువ. ఇది ఇక్‌కి మాత్రమే. వెల్వెట్‌కి, బ్రూక్‌కి పనికిరాదు.

ఉప్పు దించే పద్ధతి గురించి కూడా వింటారు: రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పు శాతం కొలిచే పరికరంలో) 1.009 దగ్గర 30 రోజులు. ఇక్ మీద పనిచేస్తుంది, కానీ వెల్వెట్ అంత తక్కువ ఉప్పులోనూ బతుకుతుంది. మీ గుర్తింపు తప్పితే మొత్తం పోతాయి. ఉప్పుకి అలవాటుపడిన ఇక్ రకాలు కూడా కనబడ్డాయి. నేను సిఫారసు చేయను.

బ్రూక్‌కి, యురోనెమాకి ఫార్మలిన్ స్నానం. కాపర్ వీటిని ఏమీ చేయదు. గోదావరి జిల్లాల్లో ఆక్వా మందుల షాపుల్లో 37 శాతం ఫార్మలిన్ దొరుకుతుంది. అడుగున తెల్లటి మడ్డి ఉంటే ఆ సీసా తీసుకోవద్దు, ఆ మడ్డి చేపలకి విషం. 10 లీటర్ల ఉప్పునీటికి 1.5 మి.లీ., గాలి గట్టిగా ఆడిస్తూ, 30 నుంచి 45 నిమిషాలు. మన వేడి నీళ్లలో దీనికన్నా ఎక్కువ వేయకండి, ఫార్మలిన్ ఆక్సిజన్‌ని లాగేస్తుంది. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు, ఆరుబయట. క్యాన్సర్ కారకం కాబట్టి పిల్లలున్న ఇంట్లో సీసా ఎక్కడ పెడుతున్నారో ఆలోచించుకోండి. స్నానం తర్వాత చేప కొత్త ట్యాంక్‌లోకే వెళ్లాలి.

ఫ్లూక్స్‌కి ప్రాజిక్వాంటెల్, లీటరుకు 2.5 మి.గ్రా. మందుల షాపులో దొరికే 600 మి.గ్రా. మాత్ర ఒకటి 240 లీటర్లకి సరిపోతుంది. మెత్తగా పొడి చేయండి, నీళ్లలో తేలిగ్గా కరగదు. కుక్కల పురుగుల మాత్రల్లో చాలావాటిలో ఇంకో రెండు మందులు కలిసుంటాయి, అవి వద్దు. గుడ్లకి ఈ మందు పనిచేయదు కాబట్టి, అవి పొదిగాక అంటే దాదాపు వారానికి, ఇంకో మోతాదు తప్పదు. మందు వేసిన రాత్రి ఆక్సిజన్ పడిపోవచ్చు, గాలి ఆపకండి.

ఖాళీ ట్యాంక్

చేపలు లేని మెయిన్ ట్యాంక్‌లో ఇక్ ఆకలితో చావాలి. పైన చెప్పిన 72 రోజులకి నాలుగు కలిపి 76 రోజులు ఉంచడం పాత వాడుక. నీళ్లు 27 డిగ్రీలు ఉంటే 45 రోజులు చాలనేవాళ్లున్నారు, చాలామందికి సరిపోయింది కూడా. చేపలన్నీ ఎలాగూ బయట ఉన్నాయి, ఇంకో నెల ఆగితే పోయేదేమీ లేదు కాబట్టి నా ఓటు 76కే. వెల్వెట్‌కీ బ్రూక్‌కీ ఆరు వారాలు.

పగడాలు, రొయ్యలు, నత్తలు లోపలే ఉంటాయి. చేపల మలం లేక నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి దిగిపోతే పగడాలు పాలిపోతాయి, కాబట్టి రోజు విడిచి రోజు చిటికెడు తిండి వేస్తూ ఉండండి. ట్యాంగ్ లేదు కదా, నాచు పెరుగుతుంది, చేత్తో పీకాల్సిందే. ఈ రోజుల్లో ఎవరింటి నుంచైనా పగడపు ముక్క తెచ్చి పెట్టారంటే, దాని అడుగు రాయి మీదో తడి మీదో కొత్త తిత్తి వచ్చే అవకాశం ఉంది. లెక్క మళ్లీ మొదటికి. "ఒక డామ్‌సెల్ చేప వేసి చూద్దాం, బతికితే సరే" అనే ఆలోచన వస్తుంది. వేయకండి.

తిరిగి వేసేటప్పుడు

కాపర్ తీసేశాక చేపల్ని రెండు వారాలు మందు లేని నీళ్లలో చూడండి. గీరుకోవడం, ఎగశ్వాస, చుక్కలు ఏవీ లేకపోతేనే వేయండి. హాస్పిటల్ ట్యాంక్ నీళ్లు ఒక్క చుక్క కూడా మెయిన్ ట్యాంక్‌లో పడకూడదు. ఒకేసారి అన్నీ వేయకుండా, పోట్లాడే ట్యాంగ్‌ని ఆఖర్న వేయండి. రెండు మూడు నెలలు చిటికెడు తిండి మీద బతికిన మెయిన్ ట్యాంక్ బాక్టీరియా ఒకేసారి పది చేపల బరువు మోయలేదు.

వెయ్యి లీటర్ల ట్యాంక్, పదిహేను చేపలు, పట్టే దారి లేదు అనుకునేవాళ్లున్నారు. ఇక్ ఒక్కటే అయితే, వెల్వెట్ కాదని ఖాయమైతే, దానితో కాపురం చేయడం సాధ్యమే. ఒకసారి ఇక్ సోకి బతికిన చేపకి కొన్ని నెలలపాటు కొంత రక్షణ ఉంటుంది. మంచి తిండి, పెద్ద యూవీ, పోట్లాటలు లేని జంటలతో చాలా ట్యాంకులు ఏళ్లు గడుపుతాయి. అలాంటి ట్యాంక్‌లో కొత్త చేప వేసిన ప్రతిసారీ అది తిరగబడొచ్చు. ఇది తెలిసి ఎంచుకోండి. మీ పగడాలు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పండి.

ఇక మీదట

కొత్త చేప ప్రతిదీ హాస్పిటల్ ట్యాంక్‌లో నెల రోజులు ఉండాలి. షాపులో తింటుందో లేదో కళ్లారా చూసి కొనండి. షాపుల్లో కొన్ని ట్యాంకులన్నిటికీ ఒకటే నీరు తిప్పుతాయి, పక్క గదిలో చచ్చిన చేప ఉంటే మీ చేపకీ అది చుట్టమే. క్లౌన్‌ఫిష్‌ని హ్యాచరీలో పుట్టిందే అడగండి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్లు విళింజం, మండపం కేంద్రాల్లో వీటి పెంపకం పద్ధతులు ఎప్పుడో రూపొందించారు, మార్కెట్‌లో దొరుకుతున్నాయి. వాటితో బ్రూక్ వచ్చే అవకాశం బాగా తక్కువ.

పగడాలు, నత్తలు, మాక్రో ఆల్గే (పెద్ద రకం నాచు) చేపల ట్యాంక్ నుంచి వస్తే వాటినీ చేపలు లేని చోట 76 రోజులు ఉంచాలి. చాలామందికి ఇంత ఓపిక ఉండదు. కనీసం పగడం అడుగున్న ప్లగ్ (దాన్ని అంటించిన చిన్న బిళ్ల) కోసి పారేసి, కొత్త ప్లగ్ మీద అంటించండి, గట్టి ఉపరితలం తగ్గిన కొద్దీ తిత్తికి చోటు తగ్గుతుంది.

విశాఖలోనో భీమిలిలోనో బీచ్ నీళ్లు మోసుకొచ్చి ట్యాంక్ నింపేవాళ్లు, ఆ నీళ్లని వడకట్టి, బ్లీచింగ్ చేసి, థయోసల్ఫేట్‌తో క్లోరిన్ తీసేసి, పరీక్షలో క్లోరిన్ సున్నా అని తేలాకే వాడాలి. వర్షాకాలంలో నదుల నీరు కలిసే చోట పట్టిన నీళ్లకి ఉప్పు శాతం తక్కువగా ఉంటుంది. 1.025 ఉందో లేదో రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకుని, తక్కువైనంత సాల్ట్ మిక్స్ కలపండి.